నల్లతుమ్మా, తెల్లతుమ్మా?

తుమ్మకర్ర గురించి ఎవరికైనా అనుమానం వస్తే బేగంబజార్‌లో నా దగ్గరికే పంపుతారు. నేను పిడులు బిగించేవాడిని. సుత్తికి, గొడ్డలికి, పారకు, కొడవలికి. ఐదో తరగతిలోనే బడి మానేశాను. సారు చేతిలో బెత్తం ఏ చెట్టుదో నాకు వీపుతో తెలుసు. మిగతా పాఠాలు వీపు దాకా రాలేదు, అందుకే గుర్తు లేవు.

అయితే నాకు తెలిసిన తుమ్మ చచ్చిన తుమ్మ. బెరడు ఒలిచి, ఎండబెట్టి, మోపు కట్టి పంపుతారు. లోపలి ఎర్ర చేవ చూసి, గోటితో గీకి, వాసన పట్టి, ఇది దెబ్బకు ఆగుతుందా చీలుతుందా చెప్పేస్తాను. దాని ఆకు ఎట్లా ఉంటుంది, పువ్వు ఏ రంగు, కాయ ఏ ఆకారం అంటే నాకేం తెలుసు? మనిషిని జనాజాలో, శవంగా తప్ప చూడనివాడు అతని నడక ఎలా ఉండేదో చెప్పగలడా? ఈ సంగతి నాకు మొన్నటి బక్రీద్‌కు మూడు రోజుల ముందు, మా డాబా మీద, ఒక మేకపోతు నోట్లో వేళ్లు పెట్టి ఉన్నప్పుడు అర్థమైంది.

ముందు ఆ మేకపోతు సంగతి చెప్పాలి.

పత్తర్‌గట్టి వెనక సందుల్లో మాది రెండు గదుల ఇల్లు. పైన డాబా ఉంది. ఇంకో అంతస్తు వేస్తామని మా నాన్న పిల్లర్ల ఊచలు పైకి వదిలేసి పోయాడు. ఆ ఊచలకు ఇప్పటికీ బట్టలే ఆరేస్తున్నాం. ప్రతి బక్రీద్‌కు మా సందులో దాదాపు అందరిళ్లలో మేకనో పొట్టేలునో అర్పించే ఖుర్బానీ ఉంటుంది. మా ఇంట్లో ఉండదు. స్థోమత లేనివాళ్ల మీద అది తప్పనిసరి కాదని పెద్దలే చెబుతారు, కాబట్టి మాకు పాపం ఏమీ లేదు. పాపం లేదు గానీ పళ్లేలు వస్తాయి. మధ్యాహ్నం నుంచి తలుపు తడుతూనే ఉంటారు. పైన గుడ్డ కప్పిన పళ్లెం, కింద మాంసం. ఖుర్బానీ మాంసాన్ని మూడు వాటాలు చేస్తారు. ఒకటి ఇంటికి, ఒకటి చుట్టాలకు స్నేహితులకు, ఒకటి బీదలకు. మా గుమ్మానికి వచ్చింది ఏ వాటానో ఇచ్చేవాళ్లు చెప్పరు, మేమూ అడగం. అడగకుండానే మా ఆవిడకు తెలుసు. పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదు కాబట్టి కడిగి, అందులో పిడికెడు చక్కెర పోసి ఇస్తుంది. ప్రతి ఏడూ ఆ చక్కెర పోసేటప్పుడు ఆమె ముఖం చూడను. చూస్తే ఏదో ఒక హాస్యం ఆడతాను. నా నోటికి అదే రోగం.

అందుకే మొన్నటి బక్రీద్‌కు ఏడాది ముందే ఆమె మేకపిల్లను తెచ్చుకుంది. ఈసారి మన ఇంటి నుంచి పళ్లేలు పోతాయి అంది. డాబా మీద రేకులు కప్పి దానికి చోటు చేసింది. మిగిలిన రొట్టెలు, పుచ్చకాయ తొక్కలు, సందు మొగలో మేత అమ్మే ముసలావిడ దగ్గర తుమ్మ కొమ్మలు, రావి కొమ్మలు, అన్నీ దానికే. నాకు రెండో రొట్టె కావాలంటే ముందు అది తినకుండా వదలాలి. ఆమెతో అన్నాను, ఇంత ప్రేమగా నన్ను మేపితే నేనూ పండుగ నాటికి తయారయ్యేవాడినే అని. నీకు పళ్లు సరిగ్గా లేవు, చెల్లవు అంది. ఖుర్బానీ పోతుకు ఏ లోపమూ ఉండకూడదు కదా. గుడ్డిది, కుంటిది, చెవి తెగినది పనికిరాదు. అందుకని ఆమె దాన్ని పొద్దున్నా సాయంత్రం తడిమి చూసేది. కొమ్ములు, చెవులు, గిట్టలు. నల్లగా నిగనిగలాడుతూ, పెళ్లికొడుకు మేనమామలా పొట్ట వేసుకుని తిరిగేది అది.

పండుగకు మూడు రోజుల ముందు మేత ముసలావిడ రాలేదు. సందు మొగ ఖాళీగా ఉంది. మా బామ్మర్ది బార్కస్ దగ్గర ఉంటాడు, ట్రాలీ ఆటో నడుపుతాడు. అక్క ఫోన్ చేస్తే, దానికేం, నేను తెస్తా అన్నాడు. నిజానికి ముందురోజే ఒక చెట్టు నుంచి తుమ్మ కొమ్మలు కొట్టి ట్రాలీలో వేసుకుని ఉన్నాడు. అక్క చేతులకు గుచ్చుకుంటాయని కొడవలి వెనకవైపుతో ముళ్లన్నీ రాలగొట్టి మరీ తెచ్చాడు. అంత మంచివాడు. ఎండకు ట్రాలీలో పడి ఆకు కాస్త వాడిపోయింది. కొమ్మల నిండా కాయలు కూడా ఉన్నాయట. పొద్దున్నే డాబా మీద పడేసి పోయాడు. మేకపోతు సంతోషంగా ఆకు తిన్నది, కాయ తిన్నది, కొమ్మల మీది బెరడు కూడా ఒలిచి తిన్నది.

మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పైకి చూపించింది.

మేకపోతు పక్కకు వాలి పడుకుని ఉంది. నోటి వెంట నురగ. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లేచి పడుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. నేను దాని పక్కన కూర్చుని, పండుగ ఇంకా మూడు రోజులుంది, అప్పుడే ఏమిటి తొందర అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ నిలబడి ఉంది. ఆ మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోలేకపోయాను.

తెలిసినవాళ్లను అడిగి ఒక పశువుల డాక్టరు నంబరు సంపాదించాను. ఆయన మెల్లగా, ఓపికగా మాట్లాడాడు. ఏం తిన్నదని అడిగాడు. తుమ్మ అన్నాను.

"ఏ తుమ్మ?" అన్నాడు.

నేను పుట్టినప్పటి నుంచి తుమ్మతో బతుకుతున్నాను. ఆకుతో, కాయతో ఉన్న తుమ్మ గురించి నన్ను అడిగింది ఆయనే మొదలు.

ఆయన చెప్పింది ఇది. నల్లతుమ్మ అయితే భయం లేదు, కాయలు మితిమీరి తిన్నది, పొట్ట ఉబ్బింది. నూనె తాగించి, ముందుకాళ్లు ఎత్తున పెట్టి నిలబెట్టి, ఎడమ పక్క మర్దన చేస్తూ ఉంటే గాలి పోతుంది, బతుకుతుంది. తెల్లతుమ్మ అయితే వేరు. దాని ఆకు వాడితే విషం ఊరుతుంది. ఎక్కువ తిని పడిపోయిందంటే సూది మందు తప్ప దారి లేదు, అదీ వెంటనే పడాలి. తన దగ్గరికి రావాలంటే ఊరు ఆ చివరికి రావాలి. పండుగ రద్దీలో అంత దూరం అది ఆగదు. పొట్ట ఉబ్బిందా అని అడిగాడు. నేనేం చెప్పను? ఏడాదిగా రొట్టెలతో మేపిన పొట్ట, అది ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది.

ఈలోగా మా ఆవిడ సందు చివరి కసాయి భాయ్‌ను పిలిపించింది. ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. జంతువు తనంతట తాను చచ్చిపోతే అది ముర్దార్. ఆ మాంసం ఎవరూ ముట్టరు, మున్సిపాలిటీ బండిలో పడేయడమే. ఊపిరి ఉండగానే అల్లా పేరు చెప్పి కత్తి పెడితే హలాల్ అవుతుంది. కానీ పండుగ నమాజుకు ముందు కోసింది ఖుర్బానీ కాదు, ఉత్త మాంసమే. అంటే కోస్తే ఖుర్బానీ పోయింది. కోయకుండా అది చస్తే ఖుర్బానీ పోయింది, మాంసమూ పోయింది. కోయకుండా అది బతికితే మాత్రం అన్నీ ఉంటాయి. ఈ మూడింటిలో ఏది అనేది, ఏ చెట్టు కొమ్మ అనే దాని మీద ఉంది.

బామ్మర్దికి ఫోన్ చేస్తే ట్రాలీ సందు మొగలో వదిలేసి పరుగున వచ్చాడు. ఏ తుమ్మ కొట్టావురా అని అడిగాను.

"తుమ్మ తుమ్మనే కదా బావా. గదేమన్న మామిడా, బంగినపల్లా తోతాపురా అని చూస్కోనీకి?"

చెట్టు మాను నల్లగా ఉందా, తెల్లగా ఉందా అంటే, గా ఎండల కండ్లే తెర్వరాలేదు అన్నాడు. కాయ ఎట్లా ఉందంటే, కాయ కాయ లెక్కనే ఉండె అన్నాడు. నల్లతుమ్మకు నీటి చెమ్మ ఇష్టమనీ, తెల్లతుమ్మ రాళ్ల నేలలో బతుకుతుందనీ డాక్టరు చెప్పాడు కాబట్టి, ఆ చెట్టు బండల మీద ఉందా, నీళ్ల పక్కన ఉందా అని అడిగాను. బండల పక్కన నాలా ఉంది, నాలా పక్కన బండలున్నాయి అన్నాడు. ఎన్ని చెట్లు కొట్టావంటే, ఒక్కటే, ఒట్టు అన్నాడు. ఆ ఒక్క మాటే అతని దగ్గర దొరికిన గట్టి సంగతి. పండుగ రద్దీలో పోయి చెట్టును చూసి వచ్చేంత సేపు మేకకు లేదు. మాట్లాడుతూనే మేక తల పక్కన కూలబడి దాని నురగ తన చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు.

డాబా మీద మిగిలిన కొమ్మలు ఏరాను. ఆకు లేదు, కాయ లేదు. ముళ్లు బామ్మర్ది రాలగొట్టాడు. బెరడు మేక తినేసింది. తెల్లగా, నున్నగా, బోసిగా ఉన్న కర్రలు. అంటే నా దుకాణంలోకి వచ్చే సరుకు లాగే. ఇది నా పరీక్ష అనుకున్నాను. ఒకటి విరిచాను. నమిలాను. వాసన చూశాను. గోటితో గీకాను. కానీ నేను గుర్తుపట్టేది ముదురు మానులోని చేవను. వేలెడు లావు లేత కొమ్మలో చేవ ఎక్కడిది? లేతప్పుడు రెండు తుమ్మలూ లోపల తెల్లగానే ఉంటాయేమో. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ విరిచాను. ఒగరు తప్ప ఇంకేం తెలియలేదు. మా ఆవిడ నా నోటి వంకే చూస్తోంది.

"నువ్వు గీ ఒక్కసారి నకరాలు చెయ్యకు," అంది. "నీకు తెలుసా, తెల్వదా?"

ఇంటికి వచ్చిన కొత్తలో కుక్కర్ పేలబోతోందని భయపెట్టాను ఆమెను. వాళ్ల అన్నకు లాటరీ తగిలిందని చెప్పాను. చుట్టాల పెళ్లిలో నన్ను నేను వరుడి తండ్రిగా పరిచయం చేసుకుని ముందు పంక్తిలో కూర్చుని తిన్నాను. ఇన్నేళ్లలో ఆమెకు నా ముఖం చదవడం అలవాటు లేకుండా పోయింది. నాకు తెలుసు అంటే నమ్మదు, తెలియదు అన్నా నమ్మదు. తెలియదు అన్నాను.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని కసాయి భాయ్ వైపు చూసింది. అతను చాలాసేపటి నుంచి కత్తి గుడ్డలో చుట్టుకుని నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి ఉన్నాడు.

"జల్దీ చెప్పుండ్రి భాయ్," అన్నాడు నాతో. "జాన్ ఉన్నప్పుడే నా పని. జాన్ పోయినంక నన్ను పిలిస్తె ఏం ఫాయిదా? నేను కసాయిని, గోరీలు తవ్వేటోన్ని కాదు."

మా ఆవిడ, కట్టు అంది. అంతే.

కసాయి భాయ్ చేయి తిరిగిన మనిషి. ముందుకాళ్లు రెండూ, వెనకకాలు ఒకటీ కలిపి కట్టి, నాలుగోది వదిలేశాడు. అట్లాగే కడతారు. మేకను ఖిబ్లా వైపు, అంటే మక్కా దిక్కుకు తిప్పి పడుకోబెట్టాడు. బామ్మర్ది మొండెం పట్టుకున్నాడు. తల పట్టుకోమని కసాయి భాయ్ నాకు చెప్పాడు. నేను దాని దవడ కింద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. చెంప లోపల ఏదో గట్టిగా తగిలింది.

మేకలు మేతను చెంపలో దాచుకుంటాయని అప్పుడే తట్టింది. కసాయి భాయ్ గుడ్డ విప్పుతున్నాడు. నేను దాని నోట్లోకి వేళ్లు దూర్చాను. వెనక పళ్లు కరిచాయి. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి తీయలేదు. నురగ, నమిలిన ఆకు ముద్ద, దాని మధ్యలో ఒక కాయ ముక్క. బయటికి లాగి నా లుంగీకి తుడిచాను.

తెల్లతుమ్మ కాయ బద్దలా సన్నగా, చదునుగా, కాస్త వంకరగా ఉంటుందని డాక్టరు ఫోన్లో చెప్పాడు. నల్లతుమ్మది గింజ గింజకూ మధ్య నొక్కినట్టు ఉంటుందన్నాడు. నా అరచేతిలో ఉన్న ముక్క బూడిదరంగులో మెత్తని నూగుతో ఉంది. రెండు గింజలు. వాటి మధ్య దారం కట్టినట్టు సన్నని నడుము.

నల్లతుమ్మ అన్నాను. కసాయి భాయ్ నా చేతి వంక చూడలేదు, మా ఆవిడ వంక చూశాడు. ఆమె నన్ను చూసింది. ఈసారి నకరాలు కాదు, ఖురాన్ మీద ఒట్టు అన్నాను. నాలో ఏం చూసిందో తెలియదు, ఒట్టును కూడా నమ్మలేదు. దగ్గరికి వచ్చి ఆ ముక్కను తన వేళ్లతో తీసుకుని ఎండకు పట్టి చూసింది.

"తస్బీ లెక్క ఉంది," అంది నెమ్మదిగా. జపమాల పూసల్లా ఉందని. "ఆపు భాయ్. కత్తి లోపల పెట్టు."

నా మాటను కాదు, కాయను నమ్మింది. సరే, నమ్మింది.

కట్లు విప్పేలోపే మేక తన్నుకుంది. అంతసేపు చచ్చినట్టు పడి ఉన్నదానికి ఎక్కడి నుంచి వచ్చిందో అంత బలం. వదిలేసిన ఆ నాలుగోకాలు గాలిలో ఆడి, మా నాన్న వదిలేసి పోయిన పిల్లర్ ఊచల మధ్య ఇరుక్కుంది. మొండెం ఇటు తిరిగింది, కాలు అటే ఉండిపోయింది. చిన్న చప్పుడు. ఎండుపుల్ల విరిగితే వస్తుందే, అదీ. మేము నలుగురం విన్నాం. నలుగురం విననట్టే నూనె సీసా కోసం వెతికాం.

వేరుశనగ నూనె తాగించాం. ముందుకాళ్లు మెట్టు మీద పెట్టి నిలబెట్టి, బామ్మర్ది ఒకవైపు, కసాయి భాయ్ ఒకవైపు పట్టుకుంటే, ఎడమ పక్క నేనూ మా ఆవిడా మార్చి మార్చి నొక్కాం. కసాయి భాయ్ జీవితంలో మేకను బతికించడానికి చెమటోడ్చడం అదే మొదటిసారి అయి ఉంటుంది. ఎవరికన్నా చెప్తే నా దుకాణం బంద్ అయితది అన్నాడు. సాయంత్రం అసర్ అజాన్ అయ్యాక మేక పెద్దగా తేన్చింది. పచ్చి తుమ్మ కంపు. మేమందరం ఆ కంపును అత్తరులా పీల్చుకున్నాం. ఇంకోసారి తేన్చింది. ఈసారి కళ్లు నా వైపు తిరిగాయి. బామ్మర్ది ఏడ్చేశాడు.

తర్వాత వదిలాం. అది నిలబడింది. మూడు కాళ్ల మీద.

మర్నాడు దాన్ని పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్లాను. విరిగిన చేతులు, కాళ్లు కట్టేది ఆయనే. నా ముందు వరసలో చెయ్యి విరిగిన ఒక పెద్దాయన, నడుము పట్టేసిన ఒకావిడ. మా వాడిది కూడా ఎముకే అన్నాను. పహిల్వాన్ నవ్వలేదు. గుడ్డు తెల్లసొన పూసి, బద్దలు పెట్టి, గుడ్డ చుట్టాడు. ఎముక అతుక్కుంటుంది గానీ కీలు దగ్గర విరిగింది కాబట్టి ఏమీ చెప్పలేనన్నాడు. పండుగకు నడుస్తుందా అని అడిగితే, పండుగ ఎల్లుండి అని నాకే గుర్తు చేశాడు.

అక్కడి నుంచి బామ్మర్ది నన్ను ట్రాలీలో ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. నేనే అడిగాను. బార్కస్ దాటాక బండల పక్కన నాలా, నాలా పక్కన బండలు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ రెండు చెట్లు ఎదురెదురుగా ఉన్నాయి. నాలా ఒడ్డున నల్లతుమ్మ. మాను బొగ్గులా నల్లగా, నిలువునా పగుళ్లు బారి ఉంది. కొమ్మలకు ఒకటో రెండో పసుపు పువ్వులు, గుండ్రంగా, నూలు బొత్తాముల్లా. బూడిదరంగు పూసల కాయలు వేలాడుతున్నాయి. బండ మీద తెల్లతుమ్మ. మాను పాలిపోయిన తెలుపు, బెరడు పొరలుగా లేస్తోంది. కొమ్మలు గొడుగులా పక్కలకు పరుచుకున్నాయి. కాయలు చదునుగా, గోధుమరంగులో, వంకర తిరిగి ఉన్నాయి. ముళ్లు రెండింటికీ జంటలు జంటలుగానే. ఆకు పట్టుకుని చూశాను. రెండూ ఈకల్లాంటి సన్నని ఆకులే. కొట్టి, ముళ్లు తీసి, ట్రాలీలో పడేస్తే, నేను కూడా తుమ్మ తుమ్మే అనేవాడిని. చెట్టుగా నిలబడి ఉంటే మాత్రం గుడ్డివాడు కూడా తడిమి చెప్పగలడు.

మేం అప్పటి దాకా చెట్టును చూడనే లేదు. చూసి ఉంటే తాడు కట్టేవాళ్లం కాదు. తాడు కట్టకపోతే కాలు ఉండేది. ఎందుకురా నల్లదే కొట్టావు అని బామ్మర్దిని అడిగాను. ముందు తెల్లదాని దగ్గరికే పోయాడట. బండ కాలి అరికాళ్లు మాడితే దిగి ఇటు వచ్చాడట.

పండుగ ముందురోజు మసీదులో పెద్దాయనను మా ఇంటికి పిలుచుకొచ్చాను. డాబా ఎక్కి వచ్చాడు పాపం. మేకను నడిపించమన్నాడు. మా ఆవిడ చేతిలో రొట్టె పట్టుకుని ముందు నడిచింది. అది మూడు కాళ్ల మీద గెంతుతూ ఆమె వెనక వెళ్లింది. నాలుగోది కట్టుతో గాలిలోనే ఉంది. ఇంకోసారి నడిపించమన్నాడు. ఇంకోసారి గెంతింది. కుంటినా ఫరవాలేదు, కాలు నేలకు ఆనించి కొంచెమైనా బరువు మోపితే చెల్లుతుంది, అసలు మోపకుండా మూడు కాళ్ల మీద నడిచేది చెల్లదు అన్నాడు. ఆయన గొంతులో కూడా బాధ ఉంది.

"నీ నియ్యత్ అల్లాకు చేరిందమ్మా," అన్నాడు, సంకల్పం చేరితే చాలునన్నట్టు.

"నియ్యత్‌ను పళ్లెంల పెట్టి పంపొస్తదా?" అంది మా ఆవిడ. ఆయన తల దించుకుని మెట్లు దిగాడు.

పండుగ రోజు మధ్యాహ్నం నుంచి తలుపు తడుతూనే ఉన్నారు. మేకపోతు మా డాబా మీద ఉందని సందంతా తెలుసు. దానికేమైందో కూడా తెలుసు. అందుకని ఈసారి పళ్లేలు ఎక్కువ వచ్చాయి, ముక్కలు పెద్దవి వచ్చాయి. అది ఇంకా కష్టం. ఆమె ఒక్కో పళ్లెం తీసుకుంది, కడిగింది, చక్కెర పోసింది. చక్కెర అయిపోయింది. నేను బయటికి వెళ్లి తెచ్చాను. దారిలో ఏదో ఒక మాట తయారు చేసుకున్నాను, ఆమెను నవ్వించడానికి. ఇంటికి వచ్చాక అనలేదు.

ఇప్పుడు కట్టు తీసేశాం. ఎముక అతుక్కుందని పహిల్వాన్ అన్నాడు. కానీ అది ఇంకా కాలు దించడం లేదు. మేత ముసలావిడ తిరిగి వచ్చింది. ఆమె దగ్గర కొమ్మలు కొన్నా నేను ముందు కాయ చూస్తాను, మాను ఎట్లా ఉందని అడుగుతాను. విసుక్కుంటుంది. ఆ కొమ్మలను మా ఆవిడ ఊచకు కట్టి వేలాడదీస్తుంది, మేక నోటికి అందీ అందనంత ఎత్తులో. అందుకోవాలంటే వెనక కాళ్ల మీద లేచి నిలబడాలి. లేవాలంటే ఆ కాలు ఆనించాలి. అది నడిస్తే వచ్చే బక్రీద్‌కు దాని చావు, నడవకపోతే మా ఆవిడ చావు. నేను ఎవరి పక్షమో నాకే తెలియడం లేదు.

పొద్దున దుకాణానికి పోయే ముందు డాబా ఎక్కుతాను. ఆమె అప్పటికే అక్కడ చతికిలపడి, నేల మీద చెంప ఆనించేంత వంగి, ఆ గిట్ట కిందినుంచి వెలుతురు కనిపిస్తోందా లేదా అని చూస్తూ ఉంటుంది. నేనూ పక్కన వంగి చూస్తాను. ఈ పొద్దున కూడా కనిపించింది.